1893 ఫిబ్రవరి: వివేకానందుడు తిరిగిన హైదరాబాద్
(నడక యాత్రలో గైడ్లుగా పనిచేయబోయే వాలంటీర్లకు ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

వచ్చే ఆదివారం నుంచి మైకు పట్టుకుని జనాన్ని వెంట తిప్పేది మీరే. స్వామి వివేకానంద గొప్పతనం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మన యాత్రకు వచ్చేవాళ్లు కూడా అది తెలిసే వస్తారు. వాళ్లకు తెలియనిది ఆయన మన ఊళ్లో ఎవరింట్లో దిగారు, ఎవరితో మాట్లాడారు, ఆ చోట్లలో ఇప్పుడు ఏది ఉంది, ఏది లేదు అన్నది. ఇవాళ ఆ సంగతులే చెబుతాను.

ముందుగా ఒక విషయం. మన ఊరికి వచ్చింది షికాగో వివేకానందుడు కాదు. షికాగో సభ మొదలైంది 1893 సెప్టెంబర్ 11న. ఆయన ఇక్కడ రైలు దిగింది ఫిబ్రవరి 10న. అప్పటికి ముప్ఫై నిండి నెల కూడా కాలేదు. అమెరికా వెళ్లాలనే ఆలోచన ఉంది, చేతిలో డబ్బు లేదు. అయినా ఆయన కోసం స్టేషన్‌కు సుమారు 500 మంది వచ్చారని జీవితచరిత్రలో ఉంది. అందులోని పేర్లు చూడండి: రాజా శ్రీనివాసరావు, సయ్యద్ అలీ బిల్గ్రామీ, పార్సీ పెద్దమనిషి దొరాబ్జీ, సేఠ్ మోతీలాల్. ఈ నాలుగు పేర్లు చదివితే చాలు, ఆనాటి హైదరాబాద్ ఎలాంటిదో జనానికి అర్థమవుతుంది. ఇంకో సంగతి, నాంపల్లి స్టేషన్ దగ్గర నిలబడి 'స్వామీజీ ఈ మెట్ల మీదే దిగారు' అని మాత్రం అనకండి. ఇప్పుడున్న ఆ భవనం 1907లో కట్టింది.

ఆయన దిగింది మధుసూదన్ చటర్జీ గారింట్లో. నిజాం ప్రభుత్వంలో సూపరింటెండింగ్ ఇంజనీరు, బెంగాలీ. మద్రాసులోని తన శిష్యుడు అళసింగ పెరుమాళ్‌కు స్వామీజీ ఇక్కడి నుంచి రాసిన ఉత్తరం పైన చిరునామా ఖైరతాబాద్ అని ఉంది. డోర్ నంబరు లేదు. అందుకని అక్కడ ఏ పాత ఇంటినీ చూపించకండి. చింతల్ బస్తీ వైపు ఎక్కడైనా నీడలో ఆగి, ఆ ఉత్తరంలో ఆయన రాసిన మాట చెప్పండి. ఇక్కడ ఇప్పటికే భరించలేనంత ఎండ, వేడికి నా మెదడు ఉడికిపోతుంది అని రాశారాయన! ఫిబ్రవరికే ఆ మాటంటే, మే నెలలో ఆయన్ను ఇక్కడ ఉంచితే ఏమనేవారో.

మర్నాడు సికింద్రాబాద్ నుంచి వందమంది పాలు, పళ్లు, మిఠాయిలు పట్టుకుని వచ్చి, మహబూబ్ కాలేజీలో ఉపన్యాసం ఇమ్మని అడిగారు. సరేనన్నారు. ఆ తర్వాత చటర్జీ గారబ్బాయి కాళీచరణ్‌తో గోల్కొండ చూసి వచ్చారు. గోల్కొండను మన నడకలో కలపలేదు, దానికి ఒక పూట పూర్తిగా కావాలి.

12వ తేదీకి వద్దాం. నన్నడిగితే యాత్ర మొత్తంలో ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే, హుస్సేనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవిడీ, అంటే ఆ నవాబు భవనం ముందు. జనం చార్మినార్‌కే వెళ్దాం అంటారు, తొందరపడకండి. ఖుర్షీద్ జా పాయిగా నవాబు (పాయిగాలంటే నిజాం తర్వాత అంతటి జాగీర్దార్ల వంశం), నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు బావ. హిమాలయాల నుంచి కన్యాకుమారి దాకా హిందువుల పుణ్యక్షేత్రాలు తిరిగి వచ్చిన మనిషి. ఆయనే కబురు పెట్టి స్వామీజీని పిలిపించుకున్నారు. రెండు గంటలకు పైగా మాట్లాడుకున్నారు. దేవుడికి రూపం ఎందుకు, గుణాలు ఎందుకు అన్నది నవాబు అభ్యంతరం. మనిషి బుద్ధికి అందాలంటే అలాంటి దేవుడు అవసరమని స్వామీజీ జవాబు. చివరికి ప్రయాణానికి వెయ్యి రూపాయలు ఇస్తానన్నారు నవాబు. అవసరమైనప్పుడు అడుగుతానని స్వామీజీ తీసుకోలేదు. 'చూశారా, మతసామరస్యం' అని మీరు విడిగా చెప్పనక్కర్లేదు. ఆ వాదన జరిగిన తీరు చెప్పండి చాలు. ఆ పొడవాటి స్తంభాలు చూస్తూ వాళ్లే ప్రశ్నలు వేస్తారు.

అదే రోజు చార్మినార్, మక్కా మసీదు, ఫలక్‌నుమా చూశారు. చార్మినార్ గురించి వేరే చెప్పాలా! ఫలక్‌నుమా మాత్రం అప్పటికి ఇంకా నిజాం చేతికి రాలేదు, మరో పాయిగా నవాబు వికార్-ఉల్-ఉమ్రా సొంత భవనం. ఇప్పుడు హోటల్, అనుమతి లేనిదే గేటు దాటనివ్వరు. బషీర్‌బాగ్ ప్యాలెస్ అసలు లేనే లేదు, పేరు మాత్రం మిగిలింది. అది ఆనాటి ప్రధానమంత్రి ఆస్మాన్ జాది. 13వ తేదీ పొద్దున స్వామీజీ ఆయన్నూ కలిశారు.

ఆ సాయంత్రమే మహబూబ్ కాలేజీ సభ. ప్యాట్నీ దగ్గర, ఎస్.డి. రోడ్డు మీద ఉంది కదా, అదే. సోమసుందరం మొదలియార్ 1862లో పెట్టిన బడి అది, తర్వాత నిజాం పేరు పెట్టుకుంది. పండిట్ రతన్‌లాల్ అధ్యక్షులు, వెయ్యిమందికి పైగా జనం, అందులో తెల్లవాళ్లు చాలామంది. 'పాశ్చాత్య దేశాలకు నేనెందుకు వెళ్తున్నాను' అన్నది విషయం. అంత పెద్ద సభలో ఆయన ఇంగ్లీషులో మాట్లాడటం ఇదే మొదటిసారని చాలామంది లెక్క. అయితే ఆ ప్రసంగం పూర్తి పాఠం మిగల్లేదు. వేదాల గురించి, పురాణాల గురించి చెప్పి, మాతృభూమిని మళ్లీ నిలబెట్టడమే తన పని అన్నారని సారాంశం మాత్రం ఉంది. మన యాత్రకు వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు 'స్వామీజీ ఇక్కడే ఇలా అన్నారు' అంటూ ఫోన్‌లో ఏదో కొటేషన్ చూపిస్తారు. మర్యాదగా వినండి, మైకులో మాత్రం చదవకండి.

పిల్లలు వస్తే వాళ్లకోసం ఒక కథ. ఇది స్వామీజీయే 1900లో లాస్ ఏంజెలెస్ ప్రసంగంలో చెప్పింది. హైదరాబాద్‌లో వ్యాపారం చేసుకునే ఒక బ్రాహ్మణుడు గాల్లోంచి వస్తువులు తీస్తాడని విన్నారట. అతనికి జ్వరం, తలమీద చెయ్యి పెట్టమన్నాడు. పెడతాను, నీ విద్య చూపించు అన్నారు స్వామీజీ. తర్వాత అతను గోచీతో మూల కూర్చుంటే, చలిగా ఉందని స్వామీజీ తన కంబళి ఇచ్చారు. పాతికమంది కళ్లప్పగించి చూస్తుంటే దాని కిందనుంచి ద్రాక్షలు, నారింజలు, చివరికి మంచుబిందువులు ఆరని గులాబీలు! అంతా చేతివాటమే అన్నాడట ఆ మనిషి. ఒట్టి చేతివాటం అంటే నమ్మలేం అన్నారు స్వామీజీ. మీరు ఏ పక్షమూ తీసుకోకండి. మెదడు ఉడికే ఎండ, కంబళి కప్పే చలి ఒకే ఊళ్లోనా అని ఎవరైనా అడిగితే, ఫిబ్రవరిలో మన పగలూ రాత్రీ గుర్తుచేయండి.

14న బేగంబజార్ సేఠ్‌లు మోతీలాల్ గారి వెంట వచ్చి దారిఖర్చులిస్తామని మాటిచ్చారు. కానీ ఆ తర్వాత మద్రాసులో ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేసింది అళసింగ పెరుమాళ్, ఆయన స్నేహితులు. రాజస్థాన్‌లోని ఖేత్రీ మహారాజు సాయం కూడా ఉంది. మే 31న బొంబాయిలో ఓడ ఎక్కారు. 'హైదరాబాద్ డబ్బుతోనే అమెరికా వెళ్లారు' అని ఊరి మీద అభిమానంతో ఎవరూ చెప్పొద్దు.

మిగిలినవి ఏర్పాట్లు. శుక్రవారం మక్కా మసీదు వైపు యాత్ర పెట్టొద్దు, నమాజ్ రద్దీ ఉంటుంది. లోపలికి వెళ్లేటప్పుడు చెప్పులు విప్పాలని ముందే చెప్పండి. దేవిడీ దగ్గర ఆడుకునే పిల్లల్ని పక్కకు జరగమనకండి, వాళ్లాట వాళ్లది. పెద్దవాళ్లు ఉంటే చార్మినార్ నుంచి సికింద్రాబాద్‌కు బస్సే మంచిది. ఇక మీ సందేహాలు అడగండి.