ముందు బస్సు, తర్వాతే బ్యాటరీ

శ్రోతలందరికీ నమస్కారం.

ఉప్పాడ తీరాన్ని సముద్రం కోస్తూనే ఉంది. సముద్రమట్టం పెరిగేకొద్దీ మనలాంటి పల్లపు డెల్టాలకే ముందు ముప్పు. ఇంధనం కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ భూమిని వేడెక్కిస్తుంది, ఆ వేడికే సముద్రమట్టం పెరుగుతుంది. అందుకే కాకినాడలో, రాజమండ్రిలో రోజూ తిరిగే తిరుగుడుకు ఎంత ఇంధనం తగలబడుతోందో మనం ఆలోచించాలి.

లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. డీజిల్ అయితే 2.7 కిలోలు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారులో ఒక్కరే వెళితే కిలోమీటరుకు 150 గ్రాములు. 50 ఇచ్చే బైకు మీదైతే 46. లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లే నడిచే డీజిల్ బస్సులో 50 మంది ఎక్కితే, తలకు 12 గ్రాములే! అదే బస్సులో ఐదుగురే ఉంటే మాత్రం తలకు 120.

అంటే బస్సులు కొంటే సరిపోదు, అవి నిండాలి. వేళకు రావాలి, స్టాపులో నీడ ఉండాలి, చీకటి పడ్డాకా దొరకాలి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. వాతావరణానికీ మేలు చేయగల పథకమిది. కానీ టికెట్టు లేకపోయినా బస్సు రావాలి కదా! రాకపోతే మళ్ళీ ఇంట్లో బండి తీయాల్సిందే.

స్టాక్‌హోమ్‌లో 2007 నుంచి నగరం నడిమధ్యకు కారులో వస్తే రుసుము కట్టాలి. అక్కడ వాహనాల రాకపోకలు దాదాపు ఐదో వంతు తగ్గాయి. భీమవరానికి, అమలాపురానికి అంత ఏర్పాటు అక్కర్లేదు. మెయిన్ రోడ్డు మీద కారు ఆపినందుకు డబ్బు తీసుకుని, దాన్ని ఫుట్‌పాత్‌లకు ఖర్చు పెడితే చాలు.

ఎలక్ట్రిక్ బండ్లూ కావాలి. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే అయినా, పెట్రోలు బండి కంటే బ్యాటరీ స్కూటరు వల్ల వచ్చే కార్బన్ తక్కువే. అయితే సాయం ముందు ఆటోలకు అందాలి. పొద్దస్తమానం తిరిగే ఆటో బ్యాటరీకి మారితే మిగిలే ఇంధనం, ఆఫీసుకు వెళ్ళొచ్చే సొంత కారు మారితే మిగలదు. ఆటో నడిపేవాళ్ళకు తక్కువ వడ్డీకి అప్పు, స్టాండు దగ్గరే ఛార్జింగ్ ఇవ్వాలి.

2027లో గోదావరి పుష్కరాలున్నాయి. వాటి కోసం రాజమండ్రిలో రోడ్లు బాగుచేసేటప్పుడు వెడల్పు ఒక్కటే చూడొద్దు. స్టేషన్ నుంచి ఘాట్ల దాకా పెద్దవాళ్ళు భయం లేకుండా నడిచే దారి, నీడనిచ్చే చెట్లు, పుష్కరాలయ్యాక కూడా తిరిగే సిటీ బస్సులు కావాలని మీ కార్పొరేషన్‌ను ఇప్పుడే అడగండి.