నీరు పల్లమెరుగు, పంపు ఎత్తెరుగు

శ్రోతలకు నమస్కారం.

నీరు పల్లమెరుగు అంటారు. 1920లో గండిపేట చెరువు కట్టినప్పుడు హైదరాబాదుకు ఆ మాటే అక్కరకొచ్చింది. ఆ చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్ నీళ్లు వాలు మీద జారుకుంటూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేవి. నీళ్లు ఎక్కించడానికి కరెంటు ఖర్చే లేదు. ఊరు పెరిగింది. మంజీర తెచ్చుకున్నాం, సింగూరు తెచ్చుకున్నాం, అవీ చాలక 2004లో కృష్ణ మొదటి దశ తెచ్చుకున్నాం. ఇక్కడ పల్లం తిరగబడింది. నాగార్జునసాగర్ నిండుకుండలా ఉన్న రోజున కూడా నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులే. హైదరాబాదు ఉన్నది సుమారు 1,750 అడుగుల మీద. అందుకే పుట్టంగండి దగ్గర ఒకసారి ఎత్తి, తర్వాత కోదండాపూర్, నాసర్లపల్లి, గోడకొండ్ల పంప్ హౌసుల్లో అంచెలంచెలుగా ఎక్కించి గున్‌గల్ చేరుస్తారు. అక్కడి నుంచి హైదరాబాదులోని సాహెబ్‌నగర్ దాకా మళ్లీ పల్లమే. కృష్ణ పథకం ఒక్కో దశకు 90 ఎంజీడీ, అంటే రోజుకు తొమ్మిది కోట్ల గ్యాలన్లు, దాదాపు 41 కోట్ల లీటర్లు.

అంత పెద్ద నగరం అక్కర్లేదు. ముప్పై ఏళ్ల తర్వాత ఆరు లక్షల జనాభా అయ్యే ఊరొకటి ఊహించుకుందాం. దానికి పంప్ హౌస్ ఎలా ప్లాన్ చేస్తారో చూద్దాం.

మురుగు కాల్వల వ్యవస్థ ఉన్న పట్టణానికి మనిషికి రోజుకు 135 లీటర్లు అని కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ లెక్క. ఆరు లక్షల మందికి 8 కోట్ల 10 లక్షల లీటర్లు. దారిలో లీకుల కింద 15 శాతం పోతుందనుకుంటే పంపాల్సింది 9 కోట్ల 50 లక్షలు దాటుతుంది. ఆసుపత్రులు, హోటళ్లు, చిన్న పరిశ్రమలు కలిపి 10 కోట్లు అనుకుందాం. ఇందులో ఒక మెలిక ఉంది. గోడలు, బావి, పైపులైను ముప్పై ఏళ్ల లెక్కకు కడతారు. పంపులు మాత్రం పదిహేనేళ్లకే కొంటారు. ఎందుకంటే అవి అరిగిపోతాయి, ఆలోపు ఇంకా మంచివీ వస్తాయి. కాబట్టి పంప్ హౌస్‌లో ఒకటి రెండు ఖాళీ పునాదులు ముందే పోసి ఉంచాలి. ప్రారంభోత్సవానికి వచ్చినవాళ్లు ‘ఇది ఖాళీగా ఉందేమిటి’ అని అడుగుతారు. అడగనివ్వండి.

రోజుకు 24 గంటలూ పంపు తిరుగుతుందని లెక్క వేయకూడదు. కరెంటు పోతుంది, షాఫ్టు (పంపు ఇరుసు) చుట్టూ బిగించే గ్లాండ్ ప్యాకింగ్ మార్చాలి. 23 గంటలు పెట్టుకుంటే సెకనుకు 1,208 లీటర్లు పారాలి. ఇప్పుడు పైపు సైజు. దూరం పది కిలోమీటర్లు, ఎత్తు 60 మీటర్లు అనుకోండి. లోపల సిమెంటు పూత ఉన్న ఉక్కు పైపు వెయ్యి మిల్లీమీటర్లది వేస్తే, గోడల రాపిడిలో పోయేది దాదాపు 16 మీటర్లు. తొమ్మిది వందలది వేస్తే 27 మీటర్లు. పన్నెండు వందలది వేస్తే ఆరున్నర. నీళ్లు నిజంగా ఎక్కేది 60 మీటర్లే అయినా, సన్నపైపు వేస్తే పంపు 87 మీటర్లు ఎక్కించినంత కష్టపడుతుంది.

పైపు ఒక్కసారి కొంటాం, కరెంటు రోజూ కొంటాం. వెయ్యి నుంచి పన్నెండు వందలకు పోతే తొమ్మిదిన్నర మీటర్ల భారం తగ్గుతుంది. అంటే 140 కిలోవాట్ల దాకా, ఏడాదికి 11 లక్షల యూనిట్ల పైన ఆదా. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా 80 లక్షలు మిగులుతాయి. ఆ డబ్బు పెద్దపైపుకు అయ్యే అదనపు ఖర్చును ఎన్నేళ్లలో తీర్చగలదో లెక్క కట్టి గానీ సైజు తేల్చకూడదు. టెండరులో తక్కువ ధర చూసి సన్నపైపు వేసేసిన ఊళ్లు ముప్పై ఏళ్లు ఆ వడ్డీ కడుతూనే ఉంటాయి.

పంపు ఎంచుకోవడంలో జరిగే అతిపెద్ద తప్పు భయం. డిజైన్ చేసేవారు హెడ్ మీద, అంటే రాపిడితో సహా పంపు ఎక్కించాల్సిన మొత్తం ఎత్తు మీద, పది శాతం కలుపుతారు. పై అధికారి ఇంకో పది. సప్లై చేసేవాడు తనవంతు ఐదు. తీరా బిగించాక పంపుకు కావాల్సినదానికంటే బలం ఎక్కువవుతుంది. నీళ్లు విపరీతంగా తోస్తుంది, మోటారు ఓవర్‌లోడై ట్రిప్పవుతుంది. పాపం ఆపరేటరు ఏం చేస్తాడు? నీళ్లు బయటికెళ్లే దారిలోని డెలివరీ వాల్వు సగం మూసి నడుపుతాడు. ఒకచోట కొన్న బలాన్ని ఇంకోచోట వాల్వులో చంపేస్తున్నామన్నమాట. ఏ పంప్ హౌస్‌కైనా వెళ్లి డెలివరీ వాల్వు ఎంత తెరిచి ఉందో చూస్తే చాలు, లెక్క ఎంత జాగ్రత్తగా వేశారో తెలిసిపోతుంది.

ఇంకో భ్రమ ఏమిటంటే, ఒక పంపు నడిస్తే ఇన్ని లీటర్లు, రెండు నడిస్తే దానికి రెట్టింపు అని. కాదు. రెండోది కలిసేసరికి పైపులో రాపిడి పెరుగుతుంది, రెట్టింపు రాదు. తిరగేసి చూస్తే, ఒక్కటే నడిచేటప్పుడు ఆ పంపు తన మంచి పరిధి దాటి నీళ్లు తోస్తుంది. ఈ రెండు సందర్భాలకూ సరిపోయేదే ఎంచుకోవాలి. రెండు తిరిగితే ఒకటి స్టాండ్‌బైగా ఉండాలి. ఆ స్టాండ్‌బైని కూడా వంతు ప్రకారం తిప్పాలి, లేకపోతే అవసరమైన రోజున షాఫ్టు పట్టేసి ఉంటుంది.

గ్లాండ్ గురించి ఒక్కమాట. షాఫ్టు బయటికొచ్చే చోట ప్యాకింగ్ తాడు చుట్టి బిగిస్తారు. అక్కడి నుంచి నీళ్లు చుక్కచుక్కగా పడుతూ ఉండాలి. ఆ చుక్కలే ప్యాకింగ్‌ను చల్లబరుస్తాయి. కొత్త ఆపరేటరు లీకనుకుని నట్టు గట్టిగా బిగించేస్తాడు. కాసేపటికి పొగ, కాలిన వాసన, షాఫ్టు తొడుగైన స్లీవ్ మీద చారలు.

పంపులు నీళ్లు తీసుకునే, నది ఒడ్డున ఉండే బావి లోతు ఎంత? నిండిన నదిని చూసి కాదు, ఎండాకాలపు అడుగుమట్టం చూసి. సాగర్‌లో మట్టం 510 అడుగుల కిందికి పోయినప్పుడల్లా హైదరాబాదు కోసం అత్యవసర పంపింగు పెట్టాల్సి రావడం మనకు తెలిసిందే. పంపు నీళ్లను పీల్చుతుందనుకుంటాం గానీ, నిజానికి బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి తోస్తుంది. ఆ ఒత్తిడి 10 మీటర్ల నీటికి మించి మోయలేదు, ఆచరణలో ఐదారు మీటర్లే. అంతకంటే కిందికి నీరు దిగితే ఇంపెల్లర్ (పంపులో తిరిగే రెక్కల చక్రం) దగ్గర బుడగలు పుట్టి పగులుతాయి. చెవి పెట్టి వింటే పంపులో గులకరాళ్లు తిరుగుతున్నట్టుంటుంది. ఆ పగిలే బుడగలు ఇంపెల్లర్‌ను తేనెపట్టులా తినేస్తాయి. నీటిమట్టం బాగా మారే చోట వర్టికల్ టర్బైన్ పంపులు వాడేది అందుకే. వాటి ఇంపెల్లర్ ఎప్పుడూ నీళ్లలోనే మునిగి ఉంటుంది, మోటారు మాత్రం పైన ఉంటుంది.

ఆ పైన అంటే ఎంత పైన? 2022 జులైలో గోదావరి వరదకు కాళేశ్వరం పథకంలోని కన్నెపల్లి, అన్నారం పంప్ హౌసులు నీట మునిగాయి. మోటారు అంతస్తు, ప్యానెల్ బోర్డులు, ట్రాన్స్‌ఫార్మర్లు, అన్నీ తెలిసినంతలో అత్యధిక వరద మట్టానికి పైనే ఉండాలి. దానితోపాటు లోపలికి చొరబడిన నీటిని తోడే చిన్న పంపులు, వాటికి వేరే కరెంటు లైను కూడా ఉండాలి. కరెంటు విషయంలో రెండు వేర్వేరు సబ్‌స్టేషన్ల నుంచి రెండు ఫీడర్లు (కరెంటు లైన్లు) తెస్తే మంచిది. ఒకే స్తంభాల మీద రెండు లైన్లు లాగితే ఒక చెట్టు పడినా రెండూ పోతాయి.

ఎన్ని ఫీడర్లు ఉన్నా కరెంటు ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. వెయ్యి మిల్లీమీటర్లదే వేశామనుకుంటే, మన పది కిలోమీటర్ల పైపులో దాదాపు 7,850 టన్నుల నీరు సెకనుకు మీటరున్నర వేగంతో పోతూ ఉంటుంది. లోడుతో వెళ్లే బొగ్గు గూడ్సు బండి బరువు ఐదువేల టన్నుల పైచిలుకు. గూడ్సు కంటే బరువైన ఈ నీటి స్తంభానికి వెనక నుంచి తోసే చెయ్యి ఒక్కసారిగా ఆగిపోతుంది. ముందుకు పోయే నీరు ఆగదు, వెనక ఖాళీ ఏర్పడుతుంది. గుట్టల మీది వంపుల్లో పైపు నొక్కుకుపోవచ్చు. తర్వాత ఆ నీరే వెనక్కి వచ్చి, నీటిని పంపులోకి తిరిగి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వును గుద్దుతుంది. లెక్కకు 150 మీటర్ల పైచిలుకు నీటి ఎత్తుకు సమానమైన దెబ్బ. అది మామూలు ఒత్తిడికి అదనం.

దానికి మందు ఎయిర్ వెసెల్. పంప్ హౌస్ పక్కనే పెద్ద ఉక్కు ట్యాంకు, లోపల కొంత నీరు, కొంత బిగపట్టిన గాలి. పంపు ఆగగానే ఆ గాలి నీటిని లైనులోకి తోసి ఖాళీ పూడుస్తుంది, తిరిగొచ్చే నీటిని స్ప్రింగులా ఆపుతుంది. గుట్టల నెత్తిన గాలిని పీల్చి, వదిలే ఎయిర్ వాల్వులు ఉండాలి, పల్లాల్లో పైపు కడగడానికి స్కవర్ వాల్వులు ఉండాలి. ఇవన్నీ ఉన్నా చెడేది ఎక్కడంటే, ఎయిర్ వెసెల్‌లో గాలి నీటిలో కొంచెం కొంచెం కరిగిపోతుంది. గాలి నింపే కంప్రెసర్ పాడై నెలలు గడుస్తాయి. గేజ్ గ్లాసులో నీరు పైకి వచ్చేస్తున్నా పట్టించుకునేవాళ్లు ఉండరు. కనిపించేది ఉక్కు ట్యాంకే, లోపల ఉండాల్సిన గాలి మాత్రం ఉండదు.

ఇక భూసేకరణ, రైల్వే క్రాసింగు, రోడ్డు తవ్వే అనుమతులు ఎంత కాలం తింటాయో మీకు చెప్పనక్కర్లేదు. పైపు ఆర్డరు కంటే ముందు వాటి దరఖాస్తు పెట్టాలి.

అంతా అయ్యాక, అప్పగించుకునే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. పంపులు పూర్తి వేగంతో నడుస్తుండగా కావాలని కరెంటు తీసేయాలి. మొదట ఒక్క పంపుకు, తర్వాత రెండింటికి, చివరికి అన్నింటికీ ఒకేసారి. ఒకరు ప్రెషర్ గేజి దగ్గర ముల్లు ఎంత ఎగిరిందో రాసుకోవాలి. ఇంకొకరు గుట్ట మీద ఎయిర్ వాల్వు పక్కన నిలబడాలి. వాల్వు బుసకొడుతూ గాలి పీల్చితే మంచిదే. బుస లేకపోతే ఆ రోజుకు పని ఆపి, ముందు ఆ వాల్వు విప్పించి చూడండి.