ఆకుని ఒకసారి తిరగేసి చూడండి

అందరికీ నమస్కారం. లోపలికి వచ్చేటప్పుడు మీకు తలా ఒక మందారాకు ఇచ్చాం కదా, ముందు దాన్ని లైటుకి ఎదురుగా పట్టుకుని చూడండి. మధ్యలో లావుగా ఒక ఈనె, దాన్నుంచి అటూఇటూ చీలిన చిన్న ఈనెలు, వాటి మధ్య ఇంకా సన్నటి వల కనిపిస్తోందా? స్కూల్లో మనం పత్రపీఠం, పత్రవృంతం, పత్రదళం అని బొమ్మ గీసి బాణాలు పెట్టి మార్కులు తెచ్చుకున్నాం, అది మంచిదే, కానీ చాలామందిమి ఆ పేర్ల దగ్గరే ఆగిపోయాం, అదే నా బాధ.

ఈనె అంటే పైపులైను, అదీ జంట పైపులైను. ఒకటి దారువు, వేళ్ల నుంచి వచ్చే నీళ్లూ ఖనిజాలూ ఇందులోంచే ఆకు మూలమూలకీ చేరతాయి. రెండోది పోషక కణజాలం, ఆకులో తయారైన చక్కెర దీంట్లోంచి వేళ్లకి, కాయలకి, చిగుళ్లకి పోతుంది. పైగా గొడుగుకి ఊచల్లాగా ఆకు వాలిపోకుండా పరిచి పట్టుకునేవి కూడా ఈనెలే. రావాకుని కొన్ని వారాలు నీళ్లలో నాననిచ్చి మెత్తబడ్డ కండంతా మెల్లగా కడిగేస్తే ఈ వల ఒక్కటే మిగులుతుంది, ఎంత బావుంటుందో! గడ్డిపోచలో మాత్రం వల కనపడదు, ఈనెలు గీతల్లా పక్కపక్కనే సాగిపోతాయి.

కాడ, అదే వృంతం, ఆకుని వెలుతురు వైపుకి తిప్పి పట్టుకుంటుంది. రావాకులు చిన్న గాలికే గలగలలాడేది ఆ కాడ పొడుగ్గా సన్నగా ఉండబట్టే.

ఇప్పుడు ఆకుని తిరగేయండి. పైన ముదురు పచ్చ, కింద కాస్త పాలిపోయినట్టు ఉంది కదా. ఎండ పడేది పైనే కాబట్టి అక్కడ పత్రహరితం నిండిన కణాలు కిక్కిరిసి నిలువుగా ఉంటాయి, కిందవైపు కణాలు వదులువదులుగా, మధ్యలో గాలి తిరిగే ఖాళీలతో ఉంటాయి. ఆ అడుగు చర్మంలోనే పత్రరంధ్రాలు, చాలా మొక్కల్లో చదరపు మిల్లీమీటరుకి 100 నుంచి 300 దాకా. ఒక్కో రంధ్రానికి చిక్కుడుగింజ ఆకారంలో రెండు రక్షక కణాలు, నీళ్లు నిండితే అవి ఉబ్బి విల్లులా వంగుతాయి, రంధ్రం తెరుచుకుంటుంది, నీళ్లు తగ్గితే మెత్తబడి మూసుకుంటుంది.

అసలు కష్టం ఇక్కడే ఉంది. ఆకు చక్కెర తయారు చెయ్యాలంటే కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలి, దానికి తలుపు తియ్యాలి, తలుపు తీస్తే లోపలి నీళ్లు ఆవిరై పోతాయి. వేళ్లు పీల్చిన నీళ్లలో 90 శాతానికి పైగా ఇలాగే పోతుంది. వృథా అనుకోకండి, ఆ ఆవిరి పోతేనే కదా కింద నుంచి నీళ్లు పైకి లాగబడేది, మండే ఎండలో ఆకు చల్లబడేది కూడా దానివల్లే. ఆకు పైవైపు మైనం పూత ఉండేది కూడా ఈ నీటిని కాపాడుకోడానికే. కలువాకు నీళ్లమీద తేలుతుంది కాబట్టి దానికి రంధ్రాలు పైవైపే ఉంటాయి.

ఇంటికెళ్లి ఆకు అడుగున రంగులేని నెయిల్ పాలిష్ రాసి, బాగా ఆరాక దానిమీద టేపు అంటించి మెల్లగా లాగండి. ఆ టేపుని మైక్రోస్కోపు కింద పెడితే జంట గింజలు వందలకొద్దీ కనిపిస్తాయి. ఎండలో ఉన్న ఆకుదొకటి, వాడిపోయిన ఆకుదొకటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి, ఏ తలుపులు తెరిచున్నాయో, ఏవి మూసుకున్నాయో లెక్కపెట్టండి.