నేను మిమ్మల్నే చూస్తున్నాను

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, నన్ను పరిచయం చేస్తూ నాకు లేని గొప్పలు రెండు కలిపి చెప్పిన అధ్యక్షులవారికి, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకు కూడా నమస్కారం. ముందు వరసలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి. మిమ్మల్నే. కాదు, మీరు కూర్చోండమ్మా, మీ పక్కన ఉన్న నీలం చొక్కా అబ్బాయిని పిలుస్తున్నాను.

చూశారా, మొదలుపెట్టకముందే మొదలైంది. నా ఎడమ కన్ను మెల్లకన్ను. నేను ఎవరిని చూసి మాట్లాడితే వాళ్ళ పక్కవాళ్ళు తలూపుతారు. చిన్నప్పటి నుంచీ ఇదే వరస. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణముంది, అది తర్వాత వస్తుంది.

నాకిచ్చిన అంశం, తలకు తగిలించుకునే తెరల్లో, అంటే హెడ్‌సెట్‌లలో, చూపు జాడ పట్టే సాంకేతికత. ఇంత పొడుగు పేరు పలకలేం, ఐ ట్రాకింగ్ అందాం. ఎవరికైనా పొగరెక్కితే మన పెద్దవాళ్ళు 'కళ్ళు నెత్తికెక్కాయిరా' అనేవారు. ఇప్పుడు మనమే డబ్బిచ్చి నెత్తికి కళ్ళు తగిలించుకుంటున్నాం. ఎలా పనిచేస్తుంది, ఎందుకు కావాలి, ఏం జాగ్రత్త పడాలి అని మూడు భాగాలుగా కాగితం రాసుకొచ్చాను. కాగితం ప్రకారం ఎంతవరకు నడుస్తానో చూద్దాం.

ఒకసారి అందరూ చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టండి. అధ్యక్షులవారు కూడా. ఆ గోరు చూడండి. మీకు నిజంగా స్పష్టంగా కనిపించేది సుమారుగా అంత మేరే. లెక్కలో రెండు డిగ్రీలు. కంటి లోపలి వెనకపొర రెటీనాకు దాదాపు మధ్యలో ఫోవియా అనే చిన్న గుంట ఉంటుంది, పదునైన చూపంతా దానిదే. మిగతాదంతా మసక. నమ్మకం లేకపోతే గోరు మీంచి చూపు తిప్పకుండా పక్కవారి చేతిలో కాగితం చదవండి. రాదు. చదవగలిగానన్నవారు చూపు తిప్పేశారన్నమాట.

మరి లోకమంతా స్పష్టంగానే ఉన్నట్టు ఎందుకనిపిస్తుంది? కన్ను సెకనుకు మూడు నాలుగు సార్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతుతుంది కాబట్టి. ఆ గెంతుల్ని సకాడ్‌లు అంటారు. గెంతే ఆ కాస్తసేపు మెదడు చూపును దాదాపుగా మూసేస్తుంది. అందుకే అద్దంలో ఎంతసేపు చూసుకున్నా మీ కళ్ళు కదలడం మీకు కనపడదు. ఇంటికెళ్ళి ప్రయత్నించండి.

చదివేటప్పుడు కన్ను వాక్యం వెంట జారుతూ పోదు, గెంతుతూ పోతుందని 19వ శతాబ్దం చివర్లో ఫ్రెంచ్ నేత్రవైద్యుడు ఎమిల్ జవాల్ బృందం గమనించింది. ఆ తర్వాత ఎడ్మండ్ హ్యూయీ అనే అమెరికన్ చేసిన పని వింటే మీ కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి. కంటికి తిమ్మిరి మందు వేసి, ప్లాస్టర్‌తో చేసిన చిన్న మూతను కంటిగుడ్డు మీదే అమర్చి, దానికి సన్నటి అల్యూమినియం ముల్లు తగిలించారు. కన్ను కదిలితే ముల్లు కదులుతుంది, గీత పడుతుంది. చూపు జాడ పట్టడానికి ఎంత అవస్థ! సోవియట్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ యార్బస్ కూడా కంటిగుడ్డుకు అతుక్కునే మూతలే వాడారు. కానీ ఆయన కనిపెట్టింది మహా గొప్ప సంగతి. ఇల్యా రేపిన్ వేసిన ఒక బొమ్మ చూపించి, ఒకసారి ఈ ఇంటివాళ్ళ ఆస్తిపాస్తులు అంచనా వెయ్యమన్నారు. ఇంకోసారి వాళ్ళ వయసులు చెప్పమన్నారు. బొమ్మ అదే, మనిషీ అతడే, కానీ ప్రశ్న మారగానే చూపు నడిచిన దారి మారిపోయింది. ఈ మాట గుర్తుంచుకోండి. మనసులో ఏముందో చూపు బయటపెడుతుందని అర్థం. దీనికి మళ్ళీ వస్తాను.

ఇప్పటి హెడ్‌సెట్‌లో మూతలూ ముళ్ళూ లేవు. కంటి ముందున్న లెన్సు చుట్టూ చిన్న చిన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలు ఉంటాయి. ఆ వెలుగు మనకు కనపడదు. అది కంటి పైపొర మీద, అంటే కార్నియా మీద పడి మెరుస్తుంది. పక్కనే చిన్న కెమెరా ఆ మెరుపునూ, నల్లటి కనుపాపనూ కలిపి ఫోటోలు తీస్తూ ఉంటుంది. కన్ను తిరిగితే కనుపాప బాగా జరుగుతుంది, మెరుపు అంతగా జరగదు. రెంటి మధ్య దూరం, దిక్కు కొలిస్తే కన్ను ఎటు తిరిగిందో తెలుస్తుంది. సూత్రం ఇంతే.

ఇంతేనా అంటే ఒక చిక్కుంది. కనుపాప చూపించే దిక్కూ మనం నిజంగా చూసే దిక్కూ ఒకటి కావు. ఫోవియా కంటి నట్టనడుమ కాకుండా కాస్త పక్కకు ఉంటుంది. రెండు దిక్కులకూ మధ్య సుమారు 5 డిగ్రీల తేడా, అదీ మనిషి మనిషికీ వేరు. అందుకే హెడ్‌సెట్ పెట్టుకోగానే చుక్కలు చూపించి, ఈ చుక్క చూడు, ఆ చుక్క చూడు అంటుంది. అదే కాలిబ్రేషన్. అక్కడే నా కథ కూడా మొదలవుతుంది. కానీ ముందు రెండో భాగం ముగించనివ్వండి, లేకపోతే అధ్యక్షులవారు నొచ్చుకుంటారు.

ఎందుకు కావాలి? మీరు గోరంత మేరే స్పష్టంగా చూస్తున్నప్పుడు తెర మొత్తాన్నీ స్పష్టంగా గియ్యడం కంప్యూటర్‌కు దండగ. సెకనుకు 90 బొమ్మలు గియ్యాలంటే ఒక్కో బొమ్మకు దొరికేది 11 మిల్లీసెకన్లు. అందుకని చూపు పడినచోట నాణ్యంగా, మిగతాచోట నాసిరకంగా గీస్తారు. దీన్ని ఫోవియేటెడ్ రెండరింగ్ అంటారు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2012లోనే మామూలు తెర మీద దీన్ని చేసి చూపించారు. తర్వాత పెద్ద కంపెనీలు చూపు జాడ పట్టే చిన్న కంపెనీల్ని వరసగా కొనుక్కున్నాయి. గూగుల్ ఐఫ్లుయెన్స్‌ను, ఫేస్‌బుక్ ఐ ట్రైబ్‌ను, ఆపిల్ జర్మనీకి చెందిన ఎస్‌ఎంఐని కొన్నాయి. ఇదంతా 2016, 2017ల ముచ్చట. హెడ్‌సెట్‌లూ వరసగా వచ్చాయి: 2019లో వైవ్ ప్రో ఐ, హోలోలెన్స్ 2, 2022లో క్వెస్ట్ ప్రో, 2023లో ప్లేస్టేషన్ వీఆర్ 2, 2024లో ఆపిల్ వారి విజన్ ప్రో. అన్నిట్లోనూ కంటిని చూసే కెమెరాలే.

విజన్ ప్రోలో చూపే మౌస్. బటన్ వైపు చూసి వేళ్ళు చిటికెలా కలిపితే నొక్కినట్టు. ఆ చిటికె ఎందుకంటే, చూసిన ప్రతిదీ నొక్కుకుపోతే బతకలేం. 1990లో రాబర్ట్ జేకబ్ అనే పరిశోధకుడు ఈ ఇబ్బందికి మైడాస్ టచ్ అని పేరుపెట్టారు, ముట్టుకున్నదల్లా బంగారమయ్యే రాజు కథ అది. నాకైతే మన భస్మాసురుడే సరిగ్గా సరిపోతాడనిపిస్తుంది. చూపు పడ్డ ఫైలల్లా డిలీట్ అయిపోతే అది బంగారమా, బూడిదా?

సరే. ఇప్పుడు నా కథ.

చిన్నప్పుడు మాకు లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు. బోర్డు మీద లెక్క వేస్తూ గిర్రున వెనక్కి తిరిగి 'ఎటు చూస్తున్నావురా?' అనేవారు. 'బోర్డే చూస్తున్నానండీ' అనేవాణ్ణి. వీపు మీద ఒకటి పడేది. నిజంగా బోర్డే చూస్తున్నాను! ఆయన నా ఎడమ కన్ను చూసి లెక్క కట్టేవారు. ఇప్పుడు ఆలోచిస్తే, నేను చూసిన మొట్టమొదటి ఐ ట్రాకర్ ఆయనే. కనుపాప దిక్కు చూసి చూపు ఎక్కడుందో నిర్ణయించేవారు. కాలిబ్రేషన్ మాత్రం చేసేవారు కాదు.

చాలా ఏళ్ళ తర్వాత ఒకచోట హెడ్‌సెట్ ప్రదర్శన. ఎవరిదో చెప్పను, అవసరం లేదు. నా వెనక పెద్ద వరస. ఒక అమ్మాయి నా తలకు హెడ్‌సెట్ బిగించింది. చుక్క వచ్చింది, చూశాను. ఇంకో చుక్క, చూశాను. చివర్లో 'మళ్ళీ ప్రయత్నించండి' అని వచ్చింది. ప్రయత్నించాను. మళ్ళీ అదే. ఆ అమ్మాయి చాలా మర్యాదగా 'సార్, చుక్క వైపు చూడండి' అంది.

'చుక్కనే చూస్తున్నానమ్మా' అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చేసరికి వీపు చురుక్కుమంది. అబద్ధం కాదు. ఆ వయసులో, ఆ చీకటి పెట్టెలో తల పెట్టుకుని, ఇంకో దెబ్బ పడుతుందేమోనని భుజాలు బిగించాను. మూడోసారి తెర మీద 'మీ కళ్ళు కనబడటం లేదు, హెడ్‌సెట్ సర్దుకోండి' అని వచ్చింది. వెనక ఎవరో నవ్వారు. తీసి ఇచ్చేసి వచ్చేశాను.

నా కళ్ళు దానికి ఎందుకు కనపడలేదు? కనపడ్డాయి. నచ్చలేదు. రెండు కళ్ళూ ఒకే చుక్కను చూస్తాయని దాన్ని తయారుచేసినవాళ్ళు అనుకున్నారు. నా ఎడమ కన్ను లోపలికి ఒక 15 డిగ్రీలు తిరిగి ఉంటుంది. రెండు కళ్ళ నుంచి గీతలు గీస్తే అవి ముక్కు ముందు జానెడు దూరంలోనే కలుస్తాయి. కాబట్టి నేను ఎదురు గోడను చూస్తున్నా, యంత్రం లెక్కలో జీవితాంతం నా ముక్కు ముందున్న దేన్నో చూస్తున్నట్టే. ఆ 15 డిగ్రీలు కదలకుండా ఉంటే కాలిబ్రేషన్ సర్దుకునేది. కానీ అలసిపోతే ఇంకాస్త పెరుగుతుంది, దగ్గరి వస్తువు చూస్తే ఇంకోలా ఉంటుంది. ఒక్కోసారి ఎడమ కన్నే పని అందుకుంటుంది, అప్పుడు కుడిది పక్కకు పోతుంది. రెంటి సగటు తీస్తే వచ్చే చోటు నేను ఎన్నడూ చూడని చోటు.

అంటే పరిష్కారం లేదా? ఉంది, చాలా తేలిక. ఒక కన్ను వదిలేసి రెండో కన్నునే నమ్మడం. విజన్ ప్రోలో ఎడమ కన్ను ఒక్కటే, లేదా కుడి కన్ను ఒక్కటే అని ఎంచుకునే వీలు పెట్టారు. చూపు అసలే వద్దంటే తలతోనో, మణికట్టుతోనో, చూపుడువేలితోనో గురిపెట్టుకోవచ్చు. మంచి పని, మెచ్చుకోవాల్సిందే. అన్ని హెడ్‌సెట్‌లలోనూ, మొదటి చుక్క దగ్గరే అది ఎందుకు అడగరన్నది నా ప్రశ్న.

నాలాంటివాళ్ళు సుమారుగా నూటికి ఇద్దరు ఉంటారు. కన్ను నిలవకుండా ఊగేవాళ్ళు, రెప్ప వాలిపోయినవాళ్ళు, మందపాటి కళ్ళజోడు వాళ్ళు వేరు. కళ్ళజోడు అద్దం మీద ఆ ఇన్‌ఫ్రారెడ్ మెరుపులు అదనంగా పడి అసలు మెరుపేదో కెమెరాకు తెలియదు. కంటికి దట్టంగా కాటుక, మస్కారా పెట్టినా కనుపాప అంచు దొరకదు. వీళ్ళందరినీ కలిపి చూడండి. ఈ హాల్లోనే సగం మంది ఉంటారేమో. చేతులెత్తండి. ...ఆఁ, అధ్యక్షులవారు కూడా.

కోపం ఎక్కడ వస్తుందంటే, ప్రయోగాల్లో. ఒక ప్రయోగానికి నేనే వలంటీరుగా వెళ్ళాను. కాలిబ్రేషన్ కుదరలేదు, పంపేశారు. తర్వాత వాళ్ళ పేపర్లో చూస్తే, కాలిబ్రేషన్ కుదరనివారిని లెక్కలోంచి తీసేశామని ఒక్క ముక్క. ఎంతమందో, ఎందుకో లేదు. ఆ తీసేసిన వరసలో నేనున్నాను. మిగిలినవాళ్ళ మీద పరీక్షించి, భేషుగ్గా పనిచేస్తోందని రాశారు. పనిచేయదా మరి? పనిచెయ్యనివాళ్ళను గుమ్మం దగ్గరే ఆపేశారు కదా.

నేను ఈ సాంకేతికతకు శత్రువునని అనుకోకండి. 2009లో ఐరైటర్ అని ఒకటి వచ్చింది. ఏఎల్ఎస్ జబ్బుతో ఒళ్ళంతా చచ్చుబడిన టోనీ క్వాన్ అనే గోడబొమ్మల కళాకారుడి కోసం కొందరు కలిసి చవక కళ్ళజోడుకు ఆటల కెమెరా తగిలించి చేశారు. మంచం మీంచి కదలకుండా, చూపుతో ఆయన మళ్ళీ బొమ్మలు గీశారు. కళ్ళు తప్ప ఏమీ కదలని మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? అందుకే నా పట్టుదల. ఇంత అవసరమున్న చోటికి పోయే వస్తువు పదిమందిలో తొమ్మిది మందికి పనిచేస్తే చాలదు.

మూడో భాగానికి టైమ్ లేదు, కానీ చెప్పకుండా దిగను. యార్బస్ మాట గుర్తుందా? దానికి తోడు కనుపాప సైజు. కష్టమైన లెక్క చేసేటప్పుడు కనుపాప పెద్దదవుతుందని 1960ల్లోనే ప్రయోగాల్లో తేలింది. అది మన చేతిలో లేనిది. దేనిమీద ఎంతసేపు చూపు నిలిచింది, దేన్ని చూసి చటుక్కున తప్పించాం, ఎక్కడ కనుపాప విచ్చుకుంది, అన్నీ ఆ కెమెరా ముందే జరుగుతాయి. నోటికి తాళం వేసుకోవచ్చు, కనుపాపకు ఎలా వేస్తాం? మనం ఎటు చూస్తున్నామన్నది యాప్‌లకు చెప్పమని, చిటికె వేసిన చోటు మాత్రమే చెబుతామని ఆపిల్ అంటోంది. ఆ పద్ధతి నాకు నచ్చింది. అయినా 2024లో పరిశోధకులు ఒక చిల్లు చూపించారు. వీడియో కాల్‌లో మన బదులు కనిపించే డిజిటల్ ముఖం కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూసి, మనం చూపుతో ఏ అక్షరాలు టైప్ చేస్తున్నామో ఊహించవచ్చని. ఆపిల్ సరిచేసింది, కీబోర్డు తెరిచి ఉన్నప్పుడు ఆ ముఖం ఆగిపోయేలా పెట్టింది. దొంగచూపులు చూసేవాళ్ళ గురించి విన్నాం, చూపునే దొంగిలించేవాళ్ళు కొత్త.

ఇందులో నాకో చిన్న లాభం ఉందనుకోండి. నా చూపు ఎవడైనా దొంగిలిస్తే వాడికి నా ముక్కు తప్ప ఏమీ దొరకదు.

అధ్యక్షులవారు గడియారం చూసుకుంటున్నారు, అది మాత్రం నాకు బాగానే కనిపించింది. ముగిస్తున్నాను. బయట వరండాలో రెండు హెడ్‌సెట్‌లు పెట్టారు, అందరూ పెట్టుకుని చూడవచ్చు. నా మనవి ఒక్కటే. కళ్ళజోడు వాళ్ళు ముందు రండి. తర్వాత మెల్లకన్ను వాళ్ళు, రెప్ప వాలినవాళ్ళు. సిగ్గుపడకండి, నేను అక్కడే నిలబడి ఉంటాను. కాలిబ్రేషన్ కుదరకపోతే వెంటనే తీసి ఇచ్చేయకండి. ఎన్నో చుక్క దగ్గర ఆగిందో, తెర మీద ఏమని వచ్చిందో నాకు చెప్పండి. నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది, పేర్లు అక్కర్లేదు, చుక్క నంబరు చాలు. తయారుచేసినవాళ్ళకు పంపుతాను.

నీలం చొక్కా అబ్బాయీ, నువ్వు కాస్త ఆ టేబుల్ దగ్గర సాయం ఉంటావా? నిన్నేనయ్యా.