హైడ్రోస్ డబ్బా, ముసురు రోజులు

స్వరూప: ముసురు పట్టేలోగా అద్దకం గదిలో ఏ పొడిని ఎక్కడ పెట్టాలో చెబుతామని పోయిన వారం మాట ఇచ్చాం. మొదలుపెట్టండి, రాజన్నా.

రాజన్న: ముందు హైడ్రోస్ పొడి. వరంగల్ కొత్తవాడ జంపఖానాల నూలుకు వ్యాట్ రంగు, అంటే మామూలు నీళ్లలో కరగని రంగు, ఎక్కాలంటే కాస్టిక్ సోడాతో పాటు అదీ కావాలి. మనకు వచ్చే డబ్బాల మీద తెలుగు ముక్క ఒక్కటి కనబడదు.

స్వరూప: లేబుల్ గొడవ తర్వాత.

రాజన్న: తర్వాత ఎందుకు? పొడి తూచే మనిషికే కదా అది అర్థం కావాల్సింది!

స్వరూప: సరే, నేనే తెలుగులో చెబుతాను. అది సోడియం హైడ్రోసల్ఫైట్. చెమ్మ తగిలితే తనంతట తానే వేడెక్కుతుంది, సల్ఫర్ డయాక్సైడ్ వదులుతుంది, ముదిరితే అంటుకుంటుంది. నిప్పురవ్వ అక్కర్లేదు, తడి గరిటె చాలు.

రాజన్న: అంటుకుంటే ఇసుక కప్పాలి. నీళ్లు తగలనీయకూడదు.

స్వరూప: కాదన్నా. ఇసుక కప్పితే గాలి ఆడక ఆరిపోతుందనే కదా మీ లెక్క? దీనికి మండడానికి బయటి గాలి అక్కర్లేదు. ఇసుక కింద కూడా కాగుతూనే ఉంటుంది. దాన్ని ఆపేది బోలెడన్ని నీళ్లే.

రాజన్న: నీళ్లతోనే రాజుకునేదానికి మళ్లీ నీళ్లా?

స్వరూప: చెంబెడు పోస్తే రాజుకుంటుంది. వరదలా ముంచెత్తితే వేడి లాగేసి చర్య ఆగిపోతుంది. నీటిని చూస్తే మండే పొడులకు నీళ్లు వద్దంటారు. హైడ్రోస్‌ను మాత్రం ఆ నియమం నుంచి మినహాయించారు.

రాజన్న: మన గదుల్లో అంత నీళ్లు ఎక్కడివి? కుళాయి వచ్చేదే గంట.

స్వరూప: అందుకే ఆర్పే సాహసం వద్దంటున్నాను. బయటికి వచ్చి, గాలి ఎటు నుంచి వస్తుందో అటు వైపు నిలబడి, 101కి ఫోను చేయాలి. ఆ సల్ఫర్ డయాక్సైడ్ గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది. ముక్కుకు కట్టుకున్న గుడ్డ దాన్ని ఆపదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రాణాంతకం కావచ్చు.

రాజన్న: ...1995లో అమెరికాలో, న్యూజెర్సీలోని లోడైలో జరిగింది ఇదే కదా.

స్వరూప: అదే. హైడ్రోస్, అల్యూమినియం పొడి కలుపుతున్న యంత్రంలోకి నీళ్లు చేరాయి. పేలుడులో 5 మంది కార్మికులు చనిపోయారు.

రాజన్న: వాళ్లది పెద్ద కర్మాగారం. మనవాళ్లు ఇంటి వెనక రేకుల కింద పెడతారు, పక్కనే పిల్లలు పడుకుంటారు. నాకు కోపం వచ్చేది అక్కడే! ఆ డబ్బా మీద తెలుగులో...

స్వరూప: నాకూ కోపమే, అన్నా. కానీ ఇవాళ చేయగలిగింది చెప్పనివ్వండి. డబ్బా నేల మీద కాదు, చెక్క పలకల మీద పెట్టాలి. మూత బిగించాలి. మిగిలిన పొడిని మళ్లీ అందులో పోయవద్దు. నీళ్లలో పొడి వేయాలి తప్ప పొడి మీద నీళ్లు పోయకూడదు. బ్లీచింగ్ పొడి, ఆమ్లాలు ఆ గదిలోనే ఉండకూడదు. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు. కాస్టిక్ గురించి వచ్చే వారం.

రాజన్న: కాస్టిక్ సంచీ మీద మాత్రం తెలుగు ఉంటుందా?

స్వరూప: అన్నా, కరెంటు పోయింది.