టెక్స్ట్ ఎడిటర్‌లోనే సైటేషన్లు: జొటెరో, వీఎస్ కోడ్, ప్యాన్‌డాక్ రివ్యూ

నమస్తే అండి. పేపరైనా థీసిసైనా, రాయడం కంటే రిఫరెన్సుల దగ్గరే చాలామందికి టెన్షన్. వర్డ్‌లో ప్లగిన్ ఉంది కదా అంటారు. ఉంది, చిన్న పేపర్‌కి అది చాలు కూడా. డాక్యుమెంట్ పెరిగి వందల సైటేషన్లు పడ్డాక మాత్రం, కొత్తది పెట్టిన ప్రతిసారీ ఆగి చూడాల్సి వస్తుంది. అందుకే ఈ రోజు మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో సైటేషన్లు పెట్టే పద్ధతిని చూద్దాం.

నేను వాడే సెటప్ ఇది. రిఫరెన్సులు దాచుకోవడానికి జొటెరో, దానికి బెటర్ బిబ్‌టెక్స్ అనే ప్లగిన్. రాయడానికి వీఎస్ కోడ్ అనే టెక్స్ట్ ఎడిటర్. చివర్లో వర్డ్ ఫైలో పీడీఎఫో తయారుచేయడానికి ప్యాన్‌డాక్. పైసా ఖర్చు లేదు. ప్యాన్‌డాక్‌ని 2006లో మొదలుపెట్టిన జాన్ మెక్‌ఫార్లేన్ ఫిలాసఫీ ప్రొఫెసర్. అందులో ఫుట్‌నోట్లకీ సైటేషన్లకీ అంత చోటు ఎందుకుందో ఇక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. వాక్యం చివర స్క్వేర్ బ్రాకెట్ తెరిచి, @ గుర్తు కొట్టి, క్నూత్1984 అని కీ రాశాను. కీ అంటే జొటెరోలో ఆ పుస్తకానికి ఉన్న చిన్న గుర్తింపు పేరు. కామా పెట్టి పేజీ నంబర్ ఇచ్చి బ్రాకెట్ మూసేశాను. సైటేషన్ పెట్టడం అంటే ఇంతే. వాక్యంలో ఆథర్ పేరు ముందే వచ్చేసి, బ్రాకెట్‌లో సంవత్సరం ఒక్కటే కావాలంటే @ ముందు మైనస్ పెడితే సరి.

కీలన్నీ గుర్తుపెట్టుకోవాలా అని అడుగుతారేమో. అక్కర్లేదు. వీఎస్ కోడ్‌లో సైటేషన్ పికర్ ఫర్ జొటెరో అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే, వర్డ్‌లో కనిపించే అదే సెర్చ్ బార్ ఇక్కడా తెరుచుకుంటుంది. ఆథర్ పేరు కొట్టి ఎంటర్ నొక్కగానే కీ వచ్చి పడుతుంది. చిక్కల్లా ఏంటంటే, వెనకాల జొటెరో తెరిచి ఉండాలి. అది ఇష్టం లేకపోతే బిబ్ ఫైల్ నుంచి, అంటే జొటెరో నుంచి ఎక్స్‌పోర్ట్ చేసుకున్న రిఫరెన్సుల జాబితా నుంచి, కీలు తీసి చూపించే ఎక్స్‌టెన్షన్లు వేరే ఉన్నాయి. నాకైతే రెండో దారే హాయిగా ఉంది, చేతులు కీబోర్డు మీద నుంచి కదలవు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు బెటర్ బిబ్‌టెక్స్‌లో ‘కీప్ అప్‌డేటెడ్’ అన్న చోట టిక్ పెట్టండి. జొటెరోలో కొత్త పుస్తకం చేరగానే బిబ్ ఫైల్ దానంతటదే మారుతుంది.

ఇక అసలు గొడవ. ఎడిటర్ ఎంత బాగున్నా, లోపల ఉన్న డేటా చెత్తదైతే బయటికీ చెత్తే వస్తుంది. వెబ్ పేజీ నుంచి ఒక్క క్లిక్‌తో సేవ్ చేసిన ఎంట్రీలు మరీను. ఒక ఉదాహరణ చూపిస్తాను. ఆథర్ దగ్గర వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్ అని ఉంది. దాన్ని మనిషి పేరనుకుంటే, లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌కి రిఫరెన్సుల జాబితా తయారుచేసే బిబ్‌టెక్స్ చివరి పదాన్ని ఇంటిపేరు చేసేస్తుంది, అంటే ‘ఆర్గనైజేషన్’ గారు రాసిన రిపోర్ట్ అన్నమాట! బిబ్ ఫైల్‌లో ఆ పేరు చుట్టూ జంట మీసాల బ్రాకెట్లు పెట్టాలి, లేదా జొటెరోలో పేరుని ఒకే గడిలోకి మార్చుకోవాలి. టైటిల్ సంగతీ అంతే. లేటెక్‌లో ప్లెయిన్ లాంటి బిబ్‌టెక్స్ స్టైల్స్ వ్యాసం టైటిల్‌లో మొదటి అక్షరం తప్ప మిగతావన్నీ చిన్నక్షరాలు చేస్తాయి. పెద్దక్షరాల డీఎన్ఏ కాస్తా చిన్నక్షరాల్లోకి దిగిపోతుంది. అక్కడా బ్రాకెట్లే మందు. బిబ్‌టెక్స్ 1985 నాటిది మరి, దాని పట్టింపులు దానివి.

ఇంకోటి. ఆథర్ పేరో సంవత్సరమో సరిదిద్దితే ఆటోమేటిక్‌గా పుట్టిన కీ కూడా మారిపోవచ్చు. కాబట్టి డేటా శుభ్రం చేసే పని రాయడానికి ముందే కానిచ్చేయండి.

ఇప్పుడు ప్యాన్‌డాక్. 2.11 వెర్షన్ నుంచి సైటేషన్ల పని దాని లోపలే జరుగుతుంది, కమాండ్‌లో సైట్‌ప్రాక్ అన్న ఆప్షన్ చేరిస్తే చాలు. పేరు, సంవత్సరం చూపించే ఏపీఏ స్టైల్‌లో రాసిన పేపర్‌ని వేరే జర్నల్ నంబర్లు వాడే వాంకూవర్ స్టైల్‌లో అడిగిందనుకోండి. స్టైల్ ఫైల్ పేరు మార్చి మళ్లీ రన్ చేస్తే, పేర్లూ సంవత్సరాలూ పోయి నంబర్లు వస్తాయి, చివరి జాబితా కూడా మారిపోతుంది. మనం రాసిన ఫైల్‌లో ఒక్క అక్షరం కదలదు. ఈ ఒక్క సుఖం కోసమే ఈ సెటప్ మొత్తం నేర్చుకోవచ్చంటాను.

నచ్చనిది కూడా చెప్పాలిగా. ఇలా వచ్చిన వర్డ్ ఫైల్‌లో సైటేషన్లు ఉత్త అక్షరాలే. మీ గైడ్ ఆ ఫైల్‌లోనే మధ్యలో ఒక కొత్త రిఫరెన్స్ చేరిస్తే నంబర్లు సర్దుకోవు. బెటర్ బిబ్‌టెక్స్ వాళ్ల లూవా ఫిల్టర్‌తో (ప్యాన్‌డాక్‌కి తగిలించే చిన్న స్క్రిప్ట్) వాటిని జొటెరో గుర్తుపట్టే సైటేషన్లుగా మార్చుకోవచ్చు గానీ, కొత్తవాళ్లకి అది తలనొప్పే. సహరచయితలంతా వర్డ్‌లోనే దిద్దుతారంటే మీరూ వర్డ్‌లోనే ఉండండి, పంతం అనవసరం.

ప్యాన్‌డాక్‌కి ఇలా కమాండ్లు టైప్ చేయడమంటేనే భయమా? అయితే జెట్లర్ అనే ఎడిటర్ చూడండి. జొటెరో నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన బిబ్ ఫైల్ చూపిస్తే చాలు, @ కొట్టగానే జాబితా ఇస్తుంది, ఎక్స్‌పోర్ట్‌కి బటన్ కూడా ఉంది. నేను వీఎస్ కోడ్‌కి అలవాటు పడ్డాను కాబట్టి అందులోనే ఉంటున్నా. మొదటిసారి మొదలుపెట్టేవాళ్లకి మాత్రం నా ఓటు జెట్లర్‌కే.

ఏది వాడినా, ఫైల్ పంపే ముందు ప్రశ్నార్థకం గుర్తు కోసం ఒకసారి వెతకండి. కీ తప్పు పడితే ప్యాన్‌డాక్ ఆ కీ పక్కన ప్రశ్నార్థకం పెట్టి బోల్డ్‌లో చూపిస్తుంది, లేటెక్ అయితే బ్రాకెట్‌లో ప్రశ్నార్థకం ఒక్కటే వదిలేస్తుంది.