ప్రసూతి సెలవులో జీతం ఎక్కడ తగ్గుతుంది, ఎందుకు తగ్గుతుంది: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ప్రభుత్వ ఉద్యోగులకు ప్రసూతి, పితృత్వ, చైల్డ్ కేర్ సెలవుల్లో వచ్చే జీతభత్యాల గురించి మీ సందేహాలకు సర్వీసు నిబంధనల సలహాదారు జవాబిస్తారు. మొదటి కాల్ కరీంనగర్ జిల్లా నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. నేను ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. మే 10న డెలివరీ అయింది. అప్పటికే బడికి వేసవి సెలవులు. మా హెచ్ఎం గారు జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచి 180 రోజుల ప్రసూతి సెలవు రాస్తానంటున్నారు. అలా రాయొచ్చా?

సలహాదారు: రాయకూడదమ్మా. వేసవి సెలవుల్లో ప్రసవమైతే ప్రసవించిన రోజే మొదటి రోజు. మే 10 నుంచి లెక్కపెడితే 180వ రోజు నవంబరు 5 అవుతుంది. మీరు 6న చేరాలి. హెచ్ఎం గారు మీ మంచి కోరే అంటున్నారు. కానీ జూన్ నుంచి రాస్తే రేపు ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. అప్పుడు ఎక్కువైన రోజులను అర్ధవేతన సెలవుగానో, జీతం లేని సెలవుగానో మార్చి రికవరీ పెడతారు. ఇప్పుడే తేదీ సరిచేయించుకోండి. ఆస్పత్రి ఇచ్చిన ప్రసవ ధ్రువపత్రం నకలు దరఖాస్తుకు జతచేయండి.

కాలర్: నా ఇంక్రిమెంటు ఆగస్టులో ఉంది సార్. పోతుందా?

సలహాదారు: పోదు. మంజూరు ఆగస్టు 1తోనే అవుతుంది, డబ్బు మాత్రం మీరు డ్యూటీలో చేరిన నవంబరు 6 నుంచి వస్తుంది. సెలవులో వచ్చేది సెలవుకు ముందు తీసుకున్న వేతనం. మధ్యలో పెరిగినది అందులో కలవదు. వచ్చే ఏడాది ఇంక్రిమెంటు తేదీ మళ్లీ ఆగస్టు 1. అది నవంబరుకు జరగదు, ఎవరైనా జరిపితే ఒప్పుకోవద్దు. డీఏ (కరువు భత్యం) పెరిగితే ఆ పెంపు సెలవులో ఉన్నవారికీ వర్తిస్తుంది. ఇంకో మాట. జీతం నెలనెలా తీసుకోవచ్చు, సెలవు ముగిసేదాకా ఆగనక్కర్లేదు. చాలాచోట్ల మంజూరు ఉత్తర్వు లేకపోవడంతో జీతాల బిల్లు పెట్టే అధికారి (డీడీవో) బిల్లు పెట్టరు, దాంతో జీతం ఆగిపోతుంది. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. సెలవు వివరాలు సర్వీసు రిజిస్టరులో (ఎస్ఆర్) ఎక్కాయో లేదో చేరిన వారంలోనే చూసుకోండి.

యాంకర్: మూడో కాన్పుకు వర్తిస్తుందా అని కొందరు మెసేజ్‌లు పెట్టారు.

సలహాదారు: కేంద్రంలో అయితే సెలవు పెట్టేనాటికి జీవించి ఉన్న పిల్లలు ఇద్దరికన్నా తక్కువ ఉండాలి. ఆంధ్రప్రదేశ్ 2025లో ఈ షరతు తీసేసింది. ఎంతమంది పిల్లలున్నా 180 రోజులు ఇస్తారు. మీరు ఏ ప్రభుత్వం కింద పనిచేస్తే ఆ ప్రభుత్వ ఉత్తర్వే చూడాలి, పక్క రాష్ట్రం జీవో పట్టుకెళ్తే పనికిరాదు.

యాంకర్: విశాఖపట్నం నుంచి తపాలా శాఖ ఉద్యోగి.

కాలర్: మేడమ్, సార్, నమస్కారం. ఏప్రిల్ 10 నుంచి ప్రసూతి సెలవులో ఉన్నాను. మే నుంచి జీతం కొంచెం తగ్గింది. మొత్తం జీతం ఇస్తారు కదా?

సలహాదారు: తగ్గింది ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ అయి ఉంటుంది. పే స్లిప్‌లో ఆ ఒక్క గడినే పోల్చి చూడండి. నెల మొత్తం సెలవులోనే గడిస్తే ఆ నెలకు అది రాదు. ఏప్రిల్‌లో 9 రోజులు పనిచేశారు గనుక ఏప్రిల్‌కు వచ్చింది. మీ 180 రోజులు అక్టోబరు 6తో అయిపోతాయి. మే నుంచి సెప్టెంబరు దాకా ఐదు నెలలు రాదు, అక్టోబరుకు మళ్లీ వస్తుంది. మూల వేతనం, డీఏ, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) మాత్రం తగ్గకూడదు. వాటిలో ఏది తగ్గినా వెంటనే రాసి అడగండి.

కాలర్: తర్వాత చైల్డ్ కేర్ లీవ్ పెడదామనుకుంటున్నాను.

సలహాదారు: పెట్టే ముందు వరస ఆలోచించండి, డబ్బు తేడా అక్కడే వస్తుంది. కేంద్రంలో సర్వీసు మొత్తానికి 730 రోజులు. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 365 రోజులకు 80 శాతం. మూల వేతనం 44,900 అనుకుంటే రెండో భాగంలో అది 35,920 అవుతుంది. నెలకు 8,980 తేడా, డీఏ కూడా ఆ తగ్గిన మొత్తం మీదే. ఇప్పుడే 365 రోజులూ వాడేస్తే, బిడ్డ పదో తరగతికి వచ్చినప్పుడు 80 శాతమే మిగులుతుంది.

అందుకని నేను చెప్పేది వినండి. ప్రసూతి సెలవు కొనసాగింపుగా మీ ఖాతాలో ఉన్న సెలవులు వైద్య ధ్రువపత్రం లేకుండానే రెండేళ్ల దాకా ఇవ్వొచ్చు. అందులో కమ్యూటెడ్ సెలవు, అంటే రెండు అర్ధవేతన రోజులను ఒక పూర్తి జీతం రోజుగా మార్చుకునేది, 60 రోజుల వరకు ఉంటుంది. దానికి పూర్తి జీతం వస్తుంది, అర్ధవేతన ఖాతాలో 120 రోజులు తగ్గుతాయి. ఆ ఖాతాలో నిల్వ బాగా ఉంటే ముందు దీన్నే వాడండి, అదీ ప్రసూతి సెలవుకు ఆనుకునే పెట్టండి. మధ్యలో డ్యూటీలో చేరితే ఈ వెసులుబాటు పోతుంది. ఈఎల్స్ (ఆర్జిత సెలవులు) కదపకపోవడం మంచిది. రిటైరయ్యేటప్పుడు 300 రోజుల దాకా నగదు వస్తుంది.

చైల్డ్ కేర్ లీవ్ హక్కుగా వచ్చేది కాదు, ముందుగా మంజూరు కావాలి. ఒక విడత 5 రోజులకు తగ్గకూడదు, క్యాలెండర్ ఏడాదికి మూడు విడతలే. ఒంటరి మహిళలకు ఆరు. ప్రొబేషన్‌లో సాధారణంగా ఇవ్వరు. ప్రసూతి సెలవుకు మాత్రం ప్రొబేషన్ అడ్డు కాదు.

యాంకర్: తెలంగాణలో చైల్డ్ కేర్ లీవ్ ఎన్ని రోజులు?

సలహాదారు: 90 రోజులు, విడతకు 15 రోజులు మించకుండా. ఆంధ్రప్రదేశ్‌లో 2022 మార్చి నుంచి 180. రెండుచోట్లా పూర్తి జీతమే. 730 రోజులన్నది రాష్ట్ర ఉద్యోగులకు కాదు, దయచేసి గుర్తుంచుకోండి.

యాంకర్: గుంటూరు నుంచి ఇంకొకరు. చెప్పండి బాబూ.

కాలర్: నేను కేంద్ర ఉద్యోగిని సార్. పాపకు ఏడో నెల. పనుల ఒత్తిడిలో పితృత్వ సెలవు వాడుకోలేదు. ఇప్పుడు ఇస్తారా?

సలహాదారు: ఇవ్వరు నాయనా. 15 రోజులు, ప్రసవానికి ముందు 15 రోజుల్లో గానీ ప్రసవం తర్వాత 6 నెలల్లోపు గానీ వాడుకోవాలి. దాటితే రద్దయినట్టే. వాడి ఉంటే పూర్తి జీతం వచ్చేది, ఖాతాలోంచి ఒక్క రోజూ తగ్గేది కాదు. ఇప్పుడు ఈఎల్ పెట్టుకోవడమే దారి. వింటున్న మగవాళ్లకు చెబుతున్నాను, ప్రసవ తేదీ తెలియగానే దరఖాస్తు తయారుచేసి పెట్టుకోండి.

యాంకర్: తర్వాతి కాల్ హైదరాబాద్ నుంచి.

కాలర్: సార్, మా ఆవిడ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. పుట్టిన ఎనిమిదో రోజున బాబు చనిపోయాడు. ప్రసూతి సెలవు ఆపేసి వచ్చి చేరమంటున్నారు.

సలహాదారు: చాలా బాధగా ఉందండీ. ఆవిడ ఇప్పుడే చేరనక్కర్లేదు. 2022 సెప్టెంబరు 2న కేంద్ర సిబ్బంది శాఖ (డీఓపీటీ) ఇచ్చిన ఉత్తర్వు ఉంది. మృతశిశువు పుట్టినా, పుట్టిన 28 రోజుల్లోపు బిడ్డ చనిపోయినా 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవు ఇవ్వాలి. అప్పటిదాకా వాడిన ప్రసూతి సెలవును ఖాతాలోని వేరే సెలవుగా మార్చి, బిడ్డ చనిపోయిన రోజు నుంచి ఈ 60 రోజులు మొదలుపెడతారు. ప్రసవం ప్రభుత్వ ఆస్పత్రిలోగానీ, కేంద్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం (సీజీహెచ్ఎస్) గుర్తింపు ఉన్న ఆస్పత్రిలోగానీ జరిగి ఉండాలి. ఆ గుర్తింపు లేని ఆస్పత్రిలో అత్యవసరంగా చేరి ఉంటే ఆ అత్యవసర ధ్రువపత్రం తప్పనిసరి. మరణ ధ్రువపత్రం, డిశ్చార్జి సమ్మరీ జతచేసి ఉత్తర్వు తేదీ రాసి మీరే తీసుకెళ్లి ఇవ్వండి. ఆవిడను ఆఫీసుకు తిప్పకండి.

గర్భస్రావం అయితే ఇది వర్తించదు. దానికి కేంద్రంలో సర్వీసు మొత్తానికి 45 రోజులు, పూర్తి జీతంతో ఉన్నాయి. పిల్లల సంఖ్యతో దానికి సంబంధం లేదు, డాక్టరు ధ్రువపత్రం ఉంటే చాలు.

యాంకర్: చివరి కాల్, అనంతపురం.

కాలర్: నేను అవుట్‌సోర్సింగ్‌లో డేటా ఎంట్రీ చేస్తాను మేడమ్. నెలకు 15,000. ఐదో నెల. మీకు సెలవే లేదంటున్నారు.

సలహాదారు: ఉందమ్మా. మీ జీతం 21,000 లోపు గనుక ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా చందా, కట్టాలి. ముందు పే స్లిప్‌లో ఈఎస్ఐ కోత ఉందా, మీ ఐపీ నంబరు (ఈఎస్ఐలో మీ బీమా సంఖ్య) ఏమిటి, చూసుకోండి. కాన్పుకు ముందరి రెండు కాంట్రిబ్యూషన్ కాలాల్లో (ఆరేసి నెలల చందా కాలాలు) 70 రోజుల చందా పడి ఉంటే 26 వారాల డబ్బు ఈఎస్ఐయే నేరుగా మీ బ్యాంకు ఖాతాలో వేస్తుంది. జీతంలో కోసి జమచేయని ఏజెన్సీలు ఉంటాయి. ఐదో నెలలోనే తెలిస్తే సరిచేయించుకునే సమయం ఉంటుంది, అందుకే ఈ వారమే ఈఎస్ఐ కార్యాలయంలో అడగండి. ఈఎస్ఐ వర్తించకపోతే, 2025 నవంబరులో ప్రసూతి ప్రయోజన చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ప్రకారం ఏజెన్సీయే ఇవ్వాలి. ముందరి 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. మధ్యలో కాంట్రాక్టు గడువు ముగిసిందన్న సాకు చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి.